చిన్న బడి గేటు ముందు నిలబడిన తల్లిదండ్రుల తరఫున విద్యాశాఖకు ఒక బహిరంగ లేఖ

పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, జిల్లా విద్యాశాఖాధికారులకు, బడులను తనిఖీ చేసే అధికారులకు,

నమస్కారములతో చేస్తున్న విన్నపం.

మేము హైదరాబాదులో రైలు పట్టాలను ఆనుకుని ఉన్న ఒక కాలనీలో నివసించే పదకొండు కుటుంబాల వాళ్లం. మాలో ఆటో నడిపేవారు, బట్టల దుకాణంలో పనిచేసేవారు, ఆసుపత్రిలో నర్సు, ఇద్దరు టైలర్లు, చిట్‌ఫండ్ కంపెనీలో గుమాస్తా ఉన్నారు. మా పిల్లలు చదువుతున్న బడి ఐదో తరగతితో ఆగిపోతుంది. జూన్‌లో పదకొండు మందినీ ఆరో తరగతిలో ఎక్కడో ఒకచోట చేర్చాలి. పెద్ద కార్పొరేటు బడుల ఫీజులు మా వల్ల కావు. వాటి బస్సు ఛార్జీలే మాలో కొందరి ఇంటి అద్దెకు దగ్గరగా ఉన్నాయి. అందువల్ల నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న చిన్న ప్రైవేటు బడులలో ఒకదాన్ని ఎంచుకోవాలని, ఎంచుకునే ముందు దాని సంగతి పూర్తిగా తెలుసుకోవాలని అనుకున్నాం. ఎంచుకోవడం మా పని. తెలుసుకోవడం మాత్రం మీ సహాయం లేకుండా మాకు సాధ్యం కావడం లేదు.

నవంబరులో మేమందరం సంతకాలు చేసిన ఒక అర్జీని విద్యాశాఖకు చెందిన ఒక కార్యాలయంలో ఇచ్చాం. మా చుట్టుపక్కల ఉన్న ఏడు బడుల పేర్లు రాసి, వాటికి ఏ తరగతి వరకు గుర్తింపు ఉంది, అది ఎప్పటి వరకు చెల్లుతుంది, అగ్నిమాపక శాఖ అనుమతి ఉందా, ఆరు నుంచి ఎనిమిది వరకు చెప్పే ఉపాధ్యాయుల అర్హతలు ఏమిటి, చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది అని ఐదు ప్రశ్నలు అడిగాం. అర్జీ అందినట్టు ముద్ర వేసి నకలు ఇచ్చారు. జవాబు రాలేదు. రెండు నెలల తరువాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే, ఇది మూడో పక్షానికి, అంటే ఆ బడులకు, చెందిన సమాచారం కనుక ఇవ్వడం కుదరదని ఒక వాక్యం రాసి పంపారు. మొదటి అప్పీలు వేశాం. దాని గడువు కూడా దాటిపోయింది. ఇక చెప్పుకోవడానికి వేరే చోటు లేక నలుగురి ముందూ రాస్తున్నాం.

ఆ ఒక్క వాక్యం గురించి ముందుగా ఒక మాట చెప్పాలి. ఒక ప్రైవేటు సంస్థకు సంబంధించి ప్రభుత్వ అధికారి వేరే చట్టం ప్రకారం తెప్పించుకోగల వివరాలు కూడా సమాచారం కిందికే వస్తాయని 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) చెబుతోంది. బడికి గుర్తింపు ఇచ్చేది మీరు, తనిఖీ చేయవలసింది మీరు, ఆ ఫైలు ఉండేది మీ బీరువాలో. మూడో పక్షాన్ని అడిగి, ప్రజా ప్రయోజనాన్ని కూడా తూచి నిర్ణయం తీసుకోవాలని సెక్షన్ 11 చెబుతుందే తప్ప, ఆ మాట రాసి దరఖాస్తును మూసివేయమని చెప్పదు. ఒక బడికి ఏడో తరగతి వరకే అనుమతి ఉందా, పది వరకు ఉందా అన్నది తల్లిదండ్రులకు తెలియకూడని రహస్యం కాజాలదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల మీద ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. చిన్న తరగతుల్లో పిల్లకు అక్షరాలు వచ్చాయా, ఎక్కాలు వచ్చాయా అని తల్లి ఇంట్లోనే కూర్చోబెట్టి చూసుకోగలదు. పదో తరగతికి బోర్డు పరీక్ష ఉంది; ఫలితాలు వచ్చిన మర్నాడే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న నలుగురి ఫోటోలతో గేటుకు ఫ్లెక్సీ కడతారు. నడిమి మూడేళ్లను ఇంట్లో చూడగలిగేవారూ లేరు, బయట కొలిచే పరీక్షా లేదు. మాలో చాలామంది చదువు ఏడెనిమిది తరగతుల దగ్గరే ఆగిపోయింది కనుక, నోటుపుస్తకం తెరిచినా అందులో ఉన్నది తప్పో ఒప్పో చెప్పలేం. భిన్నాల గుణకార భాగహారాలు, రుణ సంఖ్యలు, బీజగణితం ఈ మూడేళ్లలోనే మీద పడతాయి. ఏడు వరకు ఒకటిగా ఉన్న సైన్సు ఎనిమిదిలో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం అని రెండుగా విడిపోతుంది. ఇక్కడ జారిన పిల్ల పదిలో తప్పినప్పుడు, ఎక్కడ జారిందో ఎవరికీ గుర్తుండదు.

డిసెంబరు, జనవరి నెలల్లో పనికి సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి, ఏడింటిలో ఐదు బడులను స్వయంగా చూశాం. మిగిలిన రెండు బడుల వారు రిసెప్షన్‌లోనే కూర్చోబెట్టి, ఫీజు కాగితం చేతికిచ్చి పంపేశారు. మాకు ఎదురైన సంగతులను, వాటి వల్ల మా వంటి ఇళ్లలో ఏమి జరుగుతుందో వరుసగా మీ ముందుంచుతున్నాం. ఏ బడి పేరూ రాయడం లేదు. ఒక బడిని వీధికెక్కించడం మా ఉద్దేశం కాదు.

1. గుర్తింపు పత్రం. ఐదు బడులలో గుర్తింపు పత్రాన్ని అడగగానే చూపినది ఒక్కటే. రెండు బడుల వారు రెన్యువల్‌కు పెట్టామన్నారు. ఎప్పుడు పెట్టారో చెప్పలేదు. ఒక బడిలో పది వరకు తరగతులు నడుస్తున్నాయి కానీ అనుమతి ఏడు వరకే ఉందని, పదో తరగతి పిల్లల చేత వేరే బడి పేరు మీద పరీక్ష రాయిస్తారని అక్కడ చదివే పిల్లవాడి తల్లి మాకు చెప్పారు. విద్యా హక్కు చట్టం సెక్షన్ 18 ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల వరకు, ఆపకుండా నడిపితే రోజుకు 10 వేల వరకు జరిమానా ఉంది. జరిమానా సంగతి మీరూ యాజమాన్యాలూ చూసుకుంటారు. మా సంగతి వేరు. అటువంటి బడిలో ఆరో తరగతిలో చేరిన పిల్ల పేరు, అనుమతి లేని తరగతికి రాగానే వేరే బడి రిజిస్టరులోకి పోతుంది. ఆ విషయం హాల్‌టికెట్ వచ్చిన రోజున గానీ, టీసీ చేతికొచ్చిన రోజున గానీ ఇంట్లోవారికి తెలుస్తుంది. అప్పటికి నాలుగేళ్లు గడిచిపోతాయి. పుట్టిన తేదీలోనో ఇంటిపేరులోనో అక్షరం తప్పు దొర్లితే, దిద్దవలసింది ఏ బడివారో కూడా తెలియక తల్లిదండ్రులు పని మానుకుని రెండు చోట్లకూ తిరగాలి.

2. చెప్పేవారు ఎవరు. మాకు అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, జవాబు అతి కష్టం మీద దొరికినదీ ఇదే. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతికి ఒక్కరైనా టీచరు ఉండాలని, గణితం, సైన్సుకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పకుండా ఉండాలని, ప్రతి 35 మంది పిల్లలకు ఒకరు చొప్పున ఉండాలని విద్యా హక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. ఈ తరగతులకు చెప్పేవారు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రెండో పేపరు ఉత్తీర్ణులై ఉండాలి.

ఒక బడిలో ఆరో తరగతి గణితం నోటుపుస్తకాలు చూపించమని అడిగాం. కొంత తటపటాయించి మూడు తెచ్చి ఇచ్చారు. అట్టలు వేసి, లేబుళ్లు అంటించి, ఎర్ర గీతల మార్జిన్లతో ముచ్చటగా ఉన్నాయి. మాతో వచ్చిన గుమాస్తా గారు పుటలు తిప్పుతూ ఒకచోట ఆగారు. 3/4కు 1/6 కలిపితే 4/10 అని మూడు పుస్తకాలలోనూ ఉంది. పైనున్న అంకెలు పైవాటితో, కిందివి కిందివాటితో కూడేశారు. రావలసింది 11/12. మూడింటి పక్కనా ఎర్ర సిరాతో రైటు గుర్తు, కింద సంతకం, తేదీ ఉన్నాయి. అంటే ఆ తప్పు పిల్లలది కాదు, బోర్డు మీదిది. బయటికి వచ్చేటప్పుడు ఆయాను అడిగితే తెలిసింది: లెక్కల టీచరు దసరా తరువాత మానేశారట, అప్పటి నుంచి హిందీ చెప్పే అమ్మాయే లెక్కలు కూడా చూస్తోందట. ఆ అమ్మాయిని మేము తప్పుపట్టడం లేదు. తనకు రాని సబ్జెక్టును ఆమె మీద పెట్టారు, నెల జీతం కోసం ఆమె కాదనలేకపోయింది.

చిన్న బడికి ఉన్న అసలు ప్రమాదం ఇక్కడే ఉందని మాకు అర్థమైంది. పెద్ద బడిలో ఒక టీచరు వెళ్లిపోతే పక్క సెక్షన్ టీచరు వచ్చి చెబుతారు. ఒక్కో తరగతికి ఒక్కటే సెక్షన్ ఉన్న బడిలో లెక్కల టీచరు మానేస్తే, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు తరగతుల పిల్లలకూ ఆ రోజుతో లెక్కలు ఆగిపోతాయి. అందుకే మేము గదుల రంగులు, కంప్యూటర్ల సంఖ్య అడగడం మానేసి, మీ దగ్గర టీచర్లు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, ఈ ఏడాది మధ్యలో ఎంతమంది మానేశారు అని అడగడం మొదలుపెట్టాం. ఐదు బడులలో మూడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ప్రైవేటు బడుల నిర్వహణ గురించి 1994 జనవరి 1న వెలువడిన జీవో 1 ప్రకారం ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు ఖర్చు పెట్టాలి. ఆ ఒక్క నిబంధన అమలైనా దసరాకు మానేసే టీచర్ల సంఖ్య తగ్గుతుందని మా నమ్మకం.

3. ఆడపిల్లల మరుగుదొడ్డి. ఇది రాయడానికి సంకోచించాం. కానీ మా పదకొండు మందిలో ఏడుగురు ఆడపిల్లలు, ఈ మూడేళ్లలోనే వారు పెద్దమనుషులవుతారు. మగపిల్లలకు, ఆడపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని చట్టం షెడ్యూలులో ఉంది. ఒక బడిలో తలుపు మీద బొమ్మలు గీసి ఉన్నాయి, విడివిడిగానే ఉన్నాయి, ఫోటో తీస్తే బాగానే కనబడతాయి. ఈ లేఖ రాస్తున్న నేను లోపలికి వెళ్లి చూశాను. ఆడపిల్లల వైపు తలుపుకు గడియ ఊడిపోయి, ఆ రంధ్రంలో గుడ్డ పీలిక దోపి ఉంది. కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. మూలన సగం నిండిన పెయింటు డబ్బా, దాని మీద విరిగిన మగ్గు ఉన్నాయి. చెత్తబుట్ట లేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె బయట నిలబడి ఉంది. లోపల ఉన్న స్నేహితురాలి కోసం తలుపు పట్టుకుని నిలబడతామని చెప్పింది. ఇటువంటి బడిలో పిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోతారు. ఏడాదికి అది ఎన్ని రోజులవుతుందో మీరే లెక్క కట్టండి. ఈ తరగతులకు చట్టం పెట్టిన కనీస పనిదినాలు 220.

4. మెట్లు, నిప్పు. మేము చూసిన ఐదింటిలో నాలుగు, ఇళ్లుగా కట్టిన భవనాలలో నడుస్తున్నాయి. ఒకదానిలో మూడో అంతస్తుకు ఒకే మెట్ల వరుస. ఇద్దరు పెద్దవాళ్లు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాలి. మెట్ల మొదట్లో ఇనుప గ్రిల్లుకు తాళం వేసి ఉంది. పిల్లలు కిందికి పరుగెత్తకుండా వేస్తామని, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుందని చెప్పారు. వాచ్‌మన్ ఆ సమయానికి టీ తాగడానికి వెళ్లాడు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు బడిలో నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరువాత దాఖలైన కేసులో, భద్రమైన బడిలో చదువుకోవడం పిల్లల హక్కులో భాగమని, భవనం భద్రంగా ఉందని నిర్ధారించుకున్న తరువాతే గుర్తింపు ఇవ్వాలని 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రభుత్వాలను ఆదేశించింది. మా కాలనీ పక్కన ఆ గ్రిల్లుకు ఇప్పటికీ తాళం ఉంది.

5. ఫీజు. ఐదు బడుల్లోనూ ఫీజు అడిగితే మొదట ఒక అంకె చెప్పారు. తరువాత అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, పరీక్ష ఫీజు, డిజిటల్ క్లాసుల ఫీజు అని ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అన్నీ కలిపి ఏడాదికి ఎంతో ఒకే కాగితం మీద రాసి ఇచ్చినది ఒక్క బడి. రెండు బడుల్లో పిల్లలకు ప్రవేశ పరీక్ష పెడతామన్నారు. దీన్ని విద్యా హక్కు చట్టం సెక్షన్ 13 నిషేధించింది. మొదటిసారి 25 వేలు, ఆ తరువాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా ఉంది. ఏడాది మధ్యలో ఫీజు కట్టలేకపోతే ఏమవుతుందన్నది మా అసలు భయం. మా వీధిలో ఆటో నడిపే ఒకాయన కాలు విరిగి మూడు నెలలు ఇంట్లో ఉంటే, బాకీ తీరేవరకు ఆయన కొడుకు టీసీ ఇవ్వలేదు, ఆన్‌లైన్‌లో పిల్లవాడి పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత సంఖ్య) కూడా వదల్లేదు. ప్రభుత్వ బడికో ఎయిడెడ్ బడికో మారే పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలని సెక్షన్ 5 స్పష్టంగా చెబుతున్నా, ఆ పిల్లవాడు ఒక టర్మ్ మొత్తం ఏ బడి హాజరుపట్టీలోనూ లేడు.

6. పుస్తకాలు, బరువు. రాష్ట్ర సిలబస్ అని చెప్పిన బడుల్లో కూడా ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ పేరిట వేరే పుస్తకాలు కొనిపిస్తున్నారు. ఆరు, ఏడు తరగతుల పిల్లల సంచి నాలుగు కిలోలు దాటరాదని మన రాష్ట్ర ప్రభుత్వం 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది. భిన్నాల కూడిక సరిగ్గా రాని పిల్లల చేత పోటీ పరీక్షల లెక్కలు ఎక్కించడం వల్ల ఎవరికి మేలో మాకు బోధపడలేదు. తెలుగును అన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలన్న 2018 చట్టం మొదట ఒకటి, ఆరు తరగతులతోనే మొదలైంది. మేము చూసిన ఒక బడి టైమ్‌టేబుల్లో ఆరో తరగతికి తెలుగు వారానికి రెండే పీరియడ్లు.

7. ఆట స్థలం. పీఈటీ (ఆటలు నేర్పే టీచరు) ఎవరని అడిగితే, డ్రిల్ పీరియడ్‌కు క్లాసు టీచరే చూస్తారన్నారు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఈ వివరాలలో చాలా భాగం మీ దగ్గర ఉన్నవే. బడుల వివరాలను ఏటా సేకరించే ప్రభుత్వ పట్టిక యూడైస్ ప్లస్‌లో ప్రతి బడికీ పదకొండు అంకెల సంఖ్య ఉంది. తెలంగాణ బడుల సంఖ్యలు 36తో మొదలవుతాయి. ఆ సంఖ్య పట్టుకుని మేము కూడా ఆన్‌లైన్‌లో చూశాం. అయితే అందులో ఉన్నది బడి తన గురించి తాను నింపి పంపినది. ఒక బడికి ఆట స్థలం ఉందని అందులో ఉంది; మేము వెళ్లి చూస్తే అది సెల్లార్‌లో స్కూటర్లు నిలిపే చోటు. ఎవరైనా వెళ్లి సరిచూడకపోతే ఆ పట్టిక మమ్మల్ని తప్పుదారి పట్టించడానికే పనికి వస్తుంది.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ఎందుకు వెళ్లడం లేదని కూడా మీరు అడగవచ్చు. మా పదకొండు కుటుంబాల్లో మూడు అక్కడికే వెళ్లాలని నిర్ణయించుకున్నాయి. అక్కడ హెడ్మాస్టరు గారు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఏ సబ్జెక్టుకు ఎవరున్నారో, ఏ పోస్టు ఖాళీగా ఉందో దాచకుండా చెప్పారు. అక్కడ తల్లుల కమిటీ ఉంది. మిగిలిన ఎనిమిది కుటుంబాలకు అడ్డమైనది ఆ బడికి దారి. రైలు పట్టాలు, ఆ పైన సిగ్నల్ లేని పెద్ద రోడ్డు దాటాలి. పదేళ్ల పిల్లలను రోజూ ఆ దారిన ఒంటరిగా పంపలేం, తోడు వెళ్తే పనికి ఆలస్యమవుతుంది.

ఇంకొక సంగతి చెప్పకపోతే మేము న్యాయం చేసినట్టు కాదు. మేము చూసిన ఐదింటిలో ఒక బడి మాకు నచ్చింది. మొత్తం నూట నలభై మంది పిల్లలు. కరస్పాండెంటుగా ఉన్న అమ్మ స్వయంగా ఏడో తరగతికి సైన్సు చెబుతారు. మేము వెళ్లినప్పుడు పాఠం ఆపలేదు. వెనక బెంచీలో కూర్చోమని సైగ చేశారు. కిటికీలో మొలకెత్తిన పెసలు, శనగలు సీసామూతల్లో వరుసగా ఉన్నాయి, ఒక్కొక్కదాని కింద పిల్ల పేరు, నీళ్లు పోసిన తేదీ రాసి ఉన్నాయి. ఒక పిల్ల మొలక కుళ్లిపోయింది. ఎందుకు కుళ్లిందో ఆ పిల్ల చేతనే చెప్పించారు. నోటుపుస్తకాల్లో తప్పులు ఉన్నాయి, దిద్దినవీ ఉన్నాయి, దిద్దిన తరువాత పిల్లలు మళ్లీ చేసినవీ ఉన్నాయి. ప్రతి పిల్ల ఇంటి పరిస్థితీ ఆమెకు తెలుసు. చిన్న బడి వల్ల కలిగే మేలు ఏమిటో మాకు ఆ గదిలో తెలిసింది.

ఆ బడికి ఆట స్థలం లేదు. మెట్లు ఇరుకు. మేము ఈ లేఖ రాయబోతున్నామని చెబితే ఆమె కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, ఇలా రాస్తే మొదట మూయించేది నా బడినేనమ్మా, మీరు భయపడే బడులను ఎవరూ ముట్టుకోరు, అన్నారు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు ఆపింది. కనుక స్పష్టంగా రాస్తున్నాం: బడులు మూయించమని మేము అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు మాకు తెలిసేలా చేయమని అడుగుతున్నాం. ఆట స్థలం లేదని తెలిసి కూడా ఆ బడిని ఎంచుకునే హక్కు మాకు ఉండాలి. తాళం వేసిన గ్రిల్లు, నీళ్లు లేని మరుగుదొడ్డి వంటివి మాత్రం ఎంపికకు వదలవలసినవి కావు. వాటిని మీరు సరిచేయించి తీరాలి.

మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి ప్రైవేటు బడి గేటు మీద, దారిన పోయేవారు చదవగలిగే అక్షరాలతో, తెలుగులో ఒక బోర్డు పెట్టించాలి. ఏ తరగతి వరకు గుర్తింపు ఉంది, ఏ తేదీ వరకు చెల్లుతుంది, యూడైస్ సంఖ్య ఎంత, అగ్నిమాపక అనుమతి ఉందా లేదా, తరగతి వారీగా అన్నీ కలిపి ఏడాది ఫీజు ఎంత అన్నవి అందులో ఉండాలి. అనుమతి పరిశీలనలో ఉంటే దరఖాస్తు చేసిన తేదీ రాయాలి.

2. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏ సబ్జెక్టు ఎవరు చెబుతున్నారు, వారి అర్హత ఏమిటి, ఆ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారు అన్న పట్టికను నోటీసు బోర్డులో ఉంచాలి. ఏడాది మధ్యలో టీచరు మారితే పదిహేను రోజుల్లో పిల్లల డైరీలో రాసి తల్లిదండ్రులకు తెలపాలి. పేర్లు వద్దనుకుంటే అర్హత, అనుభవం చాలు.

3. యూడైస్‌లో బడులు నింపిన వివరాలలో మరుగుదొడ్లు, నీళ్లు, మెట్లు, టీచర్ల సంఖ్య అన్న నాలుగింటినైనా మీ అధికారులు వెళ్లి సరిచూసి, చూసిన తేదీతో సహా బహిరంగపరచాలి. ముందుగా కబురు చేసి వెళ్తే కుళాయిలో నీళ్లు ఆ ఒక్క రోజు వస్తాయని మీకు తెలియనిది కాదు.

4. అడ్మిషన్ల కాలంలో, తరగతులు నడిచే ఒక రోజున, చేరదలచిన పిల్లల తల్లిదండ్రులను లోపలికి రానిచ్చి, ఒక పీరియడ్ కూర్చోనిచ్చి, నోటుపుస్తకాలు చూడనివ్వాలని అన్ని బడులకూ ఆదేశాలు ఇవ్వాలి. దీనికి ప్రభుత్వానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

5. ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు, తల్లిదండ్రులు సభ్యులుగా ఉండే యాజమాన్య కమిటీ నిబంధన నుంచి విద్యా హక్కు చట్టం సెక్షన్ 21 మినహాయింపు ఇచ్చింది. చట్టం మార్చడం మీ చేతిలో లేకపోయినా, టర్మ్‌కు ఒకసారి తల్లిదండ్రుల సమావేశం జరిపి, అందులో వచ్చిన ఫిర్యాదులను, తీసుకున్న చర్యలను రిజిస్టరులో రాయాలన్న షరతును గుర్తింపు రెన్యువల్‌కు జోడించవచ్చు.

6. ఫీజు బాకీ కారణంగా టీసీని, పెన్ నంబరును ఆపకుండా చూడాలి. బాకీ వసూలుకు వేరే దారులు ఉన్నాయి. అటువంటి ఫిర్యాదు వస్తే వారం రోజుల్లో తేల్చే అధికారి ఎవరో ఆ బోర్డు మీదే రాయించాలి.

7. వసతులు తక్కువగా ఉన్నా చదువు బాగా చెబుతున్న చిన్న బడులకు, ఏది ఎప్పటిలోగా సరిచేయాలో రాసిచ్చి గడువు ఇవ్వాలి. రెండో మెట్ల వరుస వంటి పెద్ద పనులకు తగిన సమయం ఇవ్వండి. గడియ, నీళ్లు, తాళం వంటి వాటికి వారం చాలు. ఏ బడినైనా మూయవలసి వస్తే, అందులోని పిల్లలకు చుట్టుపక్కల ఎక్కడ సీట్లు ఉన్నాయో చూపిన తరువాతే, విద్యా సంవత్సరం చివరనే మూయాలి.

8. మేము నవంబరులో ఇచ్చిన అర్జీలోని ఐదు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

ఈ లేఖ చదివే చిన్న బడుల యాజమాన్యాలకు కూడా ఒక విన్నపం. ప్రభుత్వ ఆదేశం వచ్చేవరకు ఆగనవసరం లేదు. మీ గుర్తింపు పత్రాన్ని రిసెప్షన్ గోడకు తగిలించండి, ఫీజు మొత్తం ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి, మమ్మల్ని ఒక పీరియడ్ వెనక బెంచీలో కూర్చోనివ్వండి. ఒక టీచరు మానేశారని, వెతుకుతున్నామని నిజం చెప్పినా మేము అర్థం చేసుకుంటాం. మాలో ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట తక్కువ జీతానికి పనిచేసేవారే.

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఏప్రిల్ నెలాఖరులోగా అడ్మిషన్ ఫీజు కట్టకపోతే సీటు ఉండదని ఐదు బడుల వారూ చెప్పారు. అంటే ఎనిమిది కుటుంబాలు తమ ఏడాది సంపాదనలో పెద్ద భాగాన్ని ఎక్కడ కట్టాలో తేల్చుకోవడానికి మిగిలింది కొద్ది వారాలే. ఆలోగా మీ జవాబు రావాలి. రాకపోతే పదకొండు కుటుంబాల వాళ్లమూ పిల్లలను వెంటబెట్టుకుని, అర్జీ నకలు పట్టుకుని, ఒక పనిదినాన ఆ కార్యాలయానికి వచ్చి, ఆ ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పేవరకు అక్కడే కూర్చుంటాం.

ఇట్లు,
ఆరో తరగతిలో చేరవలసిన పదకొండు మంది పిల్లల తల్లిదండ్రుల తరఫున,
ఒక తల్లి,
హైదరాబాదు.